చుక్క గుర్తు వెంట దిదెరో జీవితం: ఆన్‌లైన్ 'ఆంసిక్లోపెదీ'పై సమీక్ష

18వ శతాబ్దపు ఫ్రెంచ్ రచయితలు వోల్తేర్, రూసో పేర్లు చెవిన పడినంత తరచుగా వారి సమకాలికుడు దెనీ దిదెరో పేరు మన చెవిన పడదు. ఆయన వారికంటే తక్కువవాడు కావడం ఇందుకు కారణం కాదు. తన మంచి వయసంతా, 34వ ఏట మొదలుపెట్టి 58 ఏళ్ళు వచ్చేదాకా, ఆయన ఒకే ఒక్క గ్రంథానికి ధారపోశాడు. ఆ గ్రంథం మీద ఆయన పేరు సంపాదకుడిగానే తప్ప రచయితగా ఉండదు. అందులో ఆయన రాతలు వందమందికి పైగా ఇతరుల రాతలతో కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు గొప్పవని మనం చెప్పుకునే ఆయన సొంత నవలలు, సంభాషణా రచనలు చాలావరకు ఆయన కన్నుమూశాకే పుస్తకాలుగా వెలువడ్డాయి. ఇలాంటి మనిషిని తెలుసుకోవడానికి జీవితచరిత్రలు చదవడం ఒక దారి. ఆ గ్రంథాన్నే తెరిచి, అచ్చైన పేజీల మీద ఆ జీవితం వదిలిన గుర్తులను వెతుక్కుంటూ పోవడం మరొక దారి. ఈ రెండో దారిని ఇంటర్నెట్ ఉన్న ప్రతివారికీ ఉచితంగా తెరిచి పెట్టిన ఒక సేవ గురించే ఈ సమీక్ష.

ఆ గ్రంథం 1751 నుంచి 1772 వరకు పారిస్‌లో తయారై వెలువడిన విజ్ఞాన సర్వస్వం 'ఆంసిక్లోపెదీ'. ఆ సేవ, దాని మొదటి ముద్రణను ఆధారం చేసుకుని ఫ్రెంచ్ సైన్సెస్ అకాడమీ ఆధ్వర్యంలో 2017లో మొదలైన డిజిటల్ పరిష్కరణ. దీన్ని పొట్టిగా 'ఆంక్ర్' అని పిలుస్తారు. దిదెరోతో పాటు సంపాదకుడిగా ఉన్న గణితవేత్త దలాంబేర్ పుట్టి మూడు వందల ఏళ్ళు నిండిన సంవత్సరం అది. పారిస్‌లోని మజరీన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ప్రతిని పేజీ పేజీ ఫోటో తీసి, ఆ బొమ్మ పక్కనే పాఠాన్ని టైపు చేసి పెట్టారు. 17 పాఠ సంపుటాలు, 11 చిత్రపటాల సంపుటాలు, దాదాపు 18 వేల పేజీల పాఠం, 74 వేల దాకా ఆరోపాలు (అంటే ఒక్కొక్క పదం కింద రాసిన వ్యాసాలు): ఇంత పెద్ద సరుకును ఒకచోట చేర్చి, పైసా అడగకుండా, పేరు నమోదు చేసుకోమనకుండా చదువుకోనివ్వడమే ముందుగా మెచ్చుకోవలసిన విషయం. మొదటి ముద్రణ ప్రతినే ఎంచుకోవడం కూడా చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లోనే ఈ గ్రంథానికి ఇటలీలోనూ స్విట్జర్లాండ్‌లోనూ మారుముద్రణలు వచ్చాయి. దిదెరో చేతుల మీదుగా వెళ్ళిన పాఠం ఏదో తెలియాలంటే పారిస్ ప్రతి తప్పనిసరి.

పాఠం మాత్రమే కావాలనుకునేవారికి షికాగో విశ్వవిద్యాలయం ఎన్నో ఏళ్ళుగా నడుపుతున్న మరో సైట్ ఉంది. మాటలు వెతకడానికి అదీ మంచిదే. అయితే దిదెరో జీవితం కోసం చదివేవారికి పేజీ బొమ్మ కావాలి. పాఠం చెప్పని సంగతులను చాలాసార్లు పేజీ చెబుతుంది. అందుకు మంచి ఉదాహరణ సంపుటాల ముఖపత్రాలే. 1751లో వచ్చిన మొదటి సంపుటం తెరవండి: గ్రంథం పేరు కింద, ప్రష్యా రాజ అకాడమీ సభ్యుడైన మిస్టర్ దిదెరో క్రమపరచి ప్రచురించినది అని, గణిత భాగానికి సంపాదకుడు మిస్టర్ దలాంబేర్ అని స్పష్టంగా ఉంటుంది. అడుగున పారిస్ నగరం పేరు, నలుగురు ప్రచురణకర్తల పేర్లు, రాజుగారి అనుమతితో అన్న మాట ఉంటాయి. ఆ వెంటనే 1765 తేదీ వేసిన ఎనిమిదో సంపుటం ముఖపత్రం తెరవండి. పారిస్ లేదు, స్విట్జర్లాండ్ వైపున్న నోషతెల్ పట్టణం పేరు, అక్కడి సామ్యుయెల్ ఫోష్ అనే పుస్తకాల వ్యాపారి పేరు ఉన్నాయి. రాజుగారి అనుమతి మాట మాయమైంది. దలాంబేర్ లేడు. దిదెరో పేరున్న చోట 'మిస్టర్' అన్న మాట తరవాత మూడు చుక్క గుర్తులు (నక్షత్రాల్లాంటివి, ***) మాత్రమే ఉన్నాయి. పుస్తకం పారిస్‌లోనే అచ్చయింది, క్రమపరచినవాడు దిదెరోనే. అయినా తన పేరు తన గ్రంథం మీద వేసుకునే వీలు ఆయనకు లేకుండా పోయింది. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, మధ్యలో ఏమి జరిగిందో తెలుసుకోకుండా సైట్ మూసివేయబుద్ధి కాదు.

చుక్క గుర్తు విషయం ఇంకొకటి ఉంది. సైట్‌లో దిదెరోను పట్టుకోవడానికి అదే కీలకం. రచయితలు వ్యాసం చివర ఒక్కొక్క అక్షరం సంతకంగా వాడారు: దలాంబేర్‌కు ఓ, సంగీతం గురించి రాసిన రూసోకు ఎస్, ఇలా. దిదెరో మాత్రం సంపాదకుడిగా తాను రాసిన లేదా పూరించిన వ్యాసం మొదట్లో ఒక చిన్న చుక్క గుర్తు పెట్టుకున్నాడు. మొదటి రెండు సంపుటాల్లో ఈ గుర్తులు దట్టంగా కనిపిస్తాయి. వ్యాకరణం, వంటింటి పదార్థాలు, దేవతల పేర్లు, పనిముట్లు, ఊళ్ళు, నీతిశాస్త్రం, చేతివృత్తులు: ఎక్కడ ఎవరూ రాసేవారు దొరకలేదో అక్కడ ఆయనే కూర్చుని రాశాడు. రానురాను గుర్తులు పలచబడతాయి. చివరి పది సంపుటాల్లో వెతికి పట్టుకోవలసి వస్తుంది. సైట్‌లో ప్రతి వ్యాసం పక్కనా సంతకాన్ని బట్టి రచయిత ఎవరో చూపిస్తారు. సంతకం లేని వ్యాసాన్ని పండితులు ఎవరికి ఆపాదించారో విడిగా చెబుతారు. గుర్తున్నది, ఊహించినది అన్న ఈ తేడాను నిజాయతీగా పాటించడం నాకు బాగా నచ్చింది. దిదెరో పేరు మీద అరువు మాటలు తిరిగే ఈ రోజుల్లో ఇది అవసరమైన జాగ్రత్త.

చుక్క గుర్తున్న వ్యాసాల్లో అన్నిటికంటే ముందు 'అగ్వాషీమా' చదవమని నా సలహా. మొదటి సంపుటంలోని చిన్న వ్యాసం, ఒక మొక్క గురించి. బ్రెజిల్‌లోనూ దక్షిణ అమెరికా దీవుల్లోనూ పెరిగే మొక్క అని ఒక్క వాక్యం రాసి, మనకు చెప్పినది ఇంతే అంటూ దిదెరో ఆగిపోతాడు. ఆ తరవాత మొక్కను వదిలేసి, ఇలాంటి వర్ణనలు అసలు ఎవరి కోసం అని అడుగుతాడు. ఆ దేశం వారికోసమా? వారికి ఆ మొక్క గురించి మనకంటే బాగా తెలుసు. మనకోసమా? పేరు తప్ప మరేమీ తెలియని చెట్టు ఎక్కడో ఉంటే మనకేమిటి? ఆ పేరు తెలియనివారిని తెలియనివారిగానే వదిలేస్తుంది, తెలిసినవారికి కొత్తగా ఏమీ నేర్పదు. అయినా ఎందుకు చేర్చానంటే, నిఘంటువులో ఆరోపమే కనిపించకపోవడం కంటే అందులో ఏమీ లేకపోయినా, చివరికి తెలివితక్కువ మాట ఉన్నా నయమనుకునే పాఠకులు కొందరున్నారు గనక, అంటాడు. వేల ఆరోపాల బరువు మోస్తున్న మనిషి, రాత్రి పొద్దుపోయాక కలం ఆపి, ఎదుటి పాఠకుడితో నేరుగా మాట్లాడినట్టు ఉంటుంది ఆ వ్యాసం. దిదెరో స్వభావం, అంటే తెలివి, విసుగు, చనువు, నిజం చెప్పకుండా ఉండలేకపోవడం, పది పేజీల జీవితచరిత్రలో తెలిసినదానికంటే ఈ కొద్ది వాక్యాల్లో ఎక్కువ తెలుస్తుంది.

చేతివృత్తుల వ్యాసాలు ఈ సైట్‌కు గుండెకాయ. దిదెరో 1713 అక్టోబరు 5న లాంగ్ర అనే చిన్న పట్టణంలో కత్తులు చేసే కుటుంబంలో పుట్టాడు. తండ్రి దిదియే దిదెరో శస్త్రవైద్యుల కత్తులకు పేరు పొందిన పనివాడు. కొడుకు మతగురువు కావాలని జెసూట్ సన్యాసుల బడిలో చదివించాడు. కొడుకు పారిస్ చేరి ఆ దారి వదిలేశాడు. తండ్రికి ఇష్టం లేని పెళ్ళి చేసుకోబోతే, ఆయన కొడుకును కొంతకాలం ఒక మఠంలో బంధింపజేశాడు కూడా. 1743లో పెళ్ళి గుట్టుగా జరిగిపోయింది. తండ్రి వృత్తిని వదిలి వచ్చిన ఈ కొడుకు, తరవాత చేసిన పని మాత్రం పనివారి చేతుల్లోని విద్యను తత్త్వశాస్త్రం పక్కన, వేదాంతం పక్కన సమాన గౌరవంతో అచ్చులో నిలబెట్టడం. పారిస్ కార్ఖానాలకు వెళ్ళి పనివారిని ప్రశ్నలడిగామని, వారు చెప్పింది రాసుకున్నామని, గ్రంథం రాకముందు వెలువరించిన ప్రకటనలో ఆయన చెప్పుకున్నాడు. తన పనిని కొంత స్పష్టంగా చెప్పగలిగినవారు వెయ్యిమందిలో పన్నెండుమంది కూడా కష్టమే అని అందులోనే రాశాడు.

రెండో సంపుటంలో మేజోళ్ళ గురించిన వ్యాసం తెరిస్తే ఆ శ్రమ కళ్ళకు కడుతుంది. మేజోళ్ళ మగ్గం తమకున్న అత్యంత జటిలమైన యంత్రాల్లో ఒకటని, దాన్ని మొత్తంగా ఒకే తర్కంగా చూడవచ్చని, నేసి బయటికొచ్చే మేజోడు ఆ తర్కానికి వచ్చిన నిర్ణయమని మొదట్లోనే అంటాడు. ఆ వెంటనే ఇనప ముక్కల పేర్లు, వాటి జోడింపు, ఏ భాగం ఏ భాగాన్ని ఎప్పుడు నొక్కుతుందన్నది పేజీల తరబడి సాగుతుంది. పాఠం ఒక్కటే చదివితే తల తిరుగుతుంది. చిత్రపటాల సంపుటంలో ఆ మగ్గం బొమ్మలను వేరే కిటికీలో తెరిచి, అక్షరం గుర్తులను పోల్చుకుంటూ చదివినప్పుడే అసలు సంగతి బోధపడుతుంది. చిత్రపటాల్లో కత్తుల తయారీకి కూడా కొన్ని పటాలున్నాయి. పై సగంలో దుకాణం, అందులో పనిచేస్తున్న మనుషులు. కింది సగంలో విడదీసి పరిచిన పనిముట్లు. దిదెరో తండ్రి జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకంటే సూటి దారి నాకు కనబడలేదు. బొమ్మను పెద్దది చేసి చూసే వీలు బాగా పనికొచ్చేది ఇక్కడే.

ఒక వ్యాసం నుంచి మరొక వ్యాసానికి పంపే 'చూడు' సూచనల విషయంలో డిజిటల్ రూపం అచ్చు పుస్తకం కంటే మేలు. అప్పటి పాఠకుడు అంత బరువైన సంపుటాలు దించి తిప్పవలసి వచ్చేది. మొదటి సంపుటంలోని సూచన వెంట వెళ్ళడానికి ఒక్కోసారి పద్నాలుగేళ్ళు ఆగవలసి వచ్చేది. ఇప్పుడు మాట మీద నొక్కితే చాలు. దిదెరో ఈ సూచనలను ఆయుధంగా వాడాడని అందరూ చెబుతారు. దాన్ని స్వయంగా పరీక్షించుకోవాలంటే 'కోర్దెలియే' వ్యాసం తీయండి. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సంఘాన్ని ఘనంగా పొగిడిన ఆ వ్యాసం చివర 'కాపూషోం', అంటే సన్యాసుల తలముసుగు, చూడమని ఉంటుంది. అక్కడికి వెళితే, ఆ ముసుగు వెడల్పుగా ఉండాలా ఇరుకుగా ఉండాలా అని ఆ సంఘం వారే వందేళ్ళకు పైగా పోట్లాడుకున్నారని, నలుగురు పోపులు ఆజ్ఞలు జారీ చేస్తే గాని ఆ పోరు సద్దుమణగలేదని చదువుతాం. పొగడ్త ఏమైందో చెప్పనక్కరలేదు. ఈ కిటుకును దిదెరో దాచుకోలేదు కూడా. అయిదో సంపుటంలో 'ఆంసిక్లోపెదీ' అనే ఆరోపం కింద, ఈ ఉదాహరణనే చూపించి, ఇలాంటి సూచనల ఉపయోగం ఏమిటో బాహాటంగా వివరించాడు. తన గ్రంథాన్ని నిషేధించడానికి కాచుకుని ఉన్నవారి కళ్ళ ముందే ఈ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

1755లో వచ్చిన ఆ 'ఆంసిక్లోపెదీ' వ్యాసాన్ని సైట్ మొత్తంలోనూ ముఖ్యమైనదిగా నేను ఎంచుతాను. భూమి మీద చెల్లాచెదురుగా ఉన్న జ్ఞానాన్ని ఒకచోట చేర్చి, దాని అమరికను మనతో బతుకుతున్నవారికి చూపించి, మన తరవాత రాబోయేవారికి అందించడమే ఇలాంటి గ్రంథం లక్ష్యమని అందులో అంటాడు. జనం ఆలోచించే తీరును మార్చే శక్తి మంచి నిఘంటువుకు ఉండాలంటాడు. ఇవి పుస్తకాల్లో తరచు ఎత్తి రాసే మాటలు. అవి కాక, పేజీలు తిప్పుతూ పోతే నడుమ ఒకచోట, ఓ రూసో, నా ప్రియమైన, యోగ్యుడైన మిత్రమా, నిన్ను పొగడకుండా ఉండడం నావల్ల ఎన్నడూ కాలేదు అని ఉన్నట్టుండి ఒక పిలుపు వినిపిస్తుంది. విజ్ఞాన సర్వస్వంలో, అదీ ఒక ఆరోపం మధ్యలో, స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలవడం! 1749లో దిదెరో వాంసెన్ కోటలో ఖైదీగా ఉన్నప్పుడు ఆయనను చూడడానికి పారిస్ నుంచి నడిచి వెళ్ళినవాడు రూసో. ఈ వ్యాసం అచ్చయిన మూడేళ్ళకే వారి స్నేహం తెగిపోయింది. 1758లో రూసో ఆ సంగతిని తన పుస్తకం ముందుమాటలో లోకానికి వెల్లడించాడు. ఆ తెగిన స్నేహం గురించి ఇద్దరి పక్షానా ఎంతో రాశారు. తెగకముందు అది ఎలా ఉండేదో ఈ పేజీ మీద ఇంకా అలాగే ఉంది.

వాంసెన్ ఖైదు గురించి సైట్‌లోని గ్రంథ పాఠం నేరుగా ఏమీ చెప్పదు, చెప్పనూ లేదు. చూపులేనివారి గురించి రాసిన ఒక లేఖలో దైవాస్తిత్వాన్ని ప్రశ్నించాడన్నందుకు ముఖ్యంగా, 1749 జులై 24న దిదెరోను పట్టుకెళ్ళి నవంబరు 3 వరకు అక్కడ ఉంచారు. సొమ్ము పెట్టుబడి పెట్టిన ప్రచురణకర్తలు తమ సంపాదకుణ్ణి విడిచిపెట్టమని అధికారులకు మొర పెట్టుకున్నారు. బయటికొచ్చిన ఏడాదికి గ్రంథ ప్రకటన, మరుసటి ఏడాది మొదటి సంపుటం. ఆ సంపుటంలోనే, ఇతరులను ఆజ్ఞాపించే హక్కు ప్రకృతి ఏ మనిషికీ ఇవ్వలేదు అన్న వాక్యంతో మొదలయ్యే రాజకీయాధికారపు వ్యాసం ఉంది. నెలల తరబడి రాజు కోటలో ఉండి వచ్చినవాడి రాత అని గుర్తుంచుకుని చదివితే ఆ వాక్యం బరువు తెలుస్తుంది. 1752 ఫిబ్రవరిలో మొదటి రెండు సంపుటాలనూ రాజమండలి రద్దు చేసింది. పుస్తక వ్యాపారాన్ని అదుపు చేసే అధికారి మాల్‌జెర్బ్ లోలోపల ఈ గ్రంథం పక్షానే నిలిచాడు. సోదాలు చేసేవారి కంటబడకుండా దిదెరో కాగితాలను మాల్‌జెర్బే తన ఇంట్లో దాచిపెట్టాడని దిదెరో కూతురు రాసిపెట్టింది. పని మళ్ళీ సాగింది.

1757 నుంచి 1759 వరకు గడిచిన కాలం సైట్‌లో ఏడో సంపుటానికీ ఎనిమిదో సంపుటానికీ మధ్య ఉన్న ఖాళీ. పదిహేనో లూయీ మీద కత్తిదాడి జరగడంతో పాలకులు బిగుసుకుపోయారు. ఏడో సంపుటంలో దలాంబేర్ జెనీవా గురించి రాసిన వ్యాసం అక్కడి మతగురువులకు కోపం తెప్పించింది. దలాంబేర్ విసిగిపోయి సంపాదకత్వం నుంచి తప్పుకున్నాడు. 1759 మార్చి 8న రాజానుమతి రద్దయింది; చందాదారులకు తలా 72 లీవ్రులు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) తిరిగి ఇవ్వమని ఆజ్ఞ వచ్చింది; పోపు ఖండించాడు. ఆ జూన్‌లోనే లాంగ్రలో తండ్రి కన్నుమూశాడు. ఆ సమయంలో వదిలేసి వెళ్ళిపోవడానికి దిదెరోకు కావలసినన్ని కారణాలున్నాయి. రష్యాకో ప్రష్యాకో వెళ్ళి పని పూర్తిచేయమని వోల్తేర్ వంటివారు సలహా ఇచ్చారు. ఆయన పారిస్ వదలలేదు. మిగిలిన పది సంపుటాలను గుట్టుగా సిద్ధం చేస్తూ ఆరేళ్ళు గడిపాడు.

ఆ ఆరేళ్ళ పేజీల్లో చుక్క గుర్తు అరుదవుతూ ఉంటే, వ్యాసం చివర 'డి. జె.' అన్న సంతకం పెరుగుతూ పోతుంది. అది షెవాలియే ద జోకూర్‌ది. దాదాపు 17 వేల వ్యాసాలు, అంటే మొత్తంలో నాలుగో వంతుకు దగ్గరగా, ఈ ఒక్క మనిషి రాశాడు. తాను పెట్టుకున్న రాతగాళ్ళకు జీతాలు ఇవ్వడానికి తన సొంత ఇల్లు అమ్ముకున్నాడు. బానిసల వ్యాపారాన్ని మతానికీ నీతికీ ప్రకృతి ధర్మానికీ విరుద్ధమని తెగేసి చెప్పిన వ్యాసం ఆయనదే. దిదెరో జీవితకథలో జోకూర్‌కు సాధారణంగా దక్కేది ఒక పేరా. ఈ సైట్‌లో ఆయన సంతకాన్ని వరసగా చూస్తూ పోతే, దిదెరో ఒంటరిగా ఈ గ్రంథాన్ని మోశాడన్న మాటను సవరించుకోవలసి వస్తుంది. దిదెరోను అభిమానించే నాకు ఈ సవరణ సంతోషంగానే ఉంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం పేజీల మీద కనిపించనిది. 1764లో దిదెరో ఏదో చూసుకోవలసి వచ్చి, ఎస్ అక్షరం కింద అరబ్బుల తత్త్వశాస్త్రం గురించి తాను రాసిన వ్యాసాన్ని అచ్చు కాగితాల్లో తీసి చూశాడు. తాను సరిచూసి సంతకం పెట్టిన ప్రూఫుకూ అచ్చులో ఉన్నదానికీ పొంతన లేదు. ప్రధాన ప్రచురణకర్త లె బ్రెతోన్, జైలు భయంతో, సంపాదకుడి సంతకం అయ్యాక ప్రూఫులను తన ఇష్టం వచ్చినట్టు కోసి అచ్చువేస్తూ వచ్చాడు. అసలు రాతప్రతులు లేకుండా చేశాడు. నవంబరు 12న దిదెరో అతనికి రాసిన ఉత్తరం చదివినవారు మరిచిపోలేరు. కోసిన ప్రూఫులను లె బ్రెతోన్ తనకోసం ఒక సంపుటంగా కట్టించి ఉంచుకున్నాడని 20వ శతాబ్దంలో బయటపడింది. ఈ సంగతి తెలియకుండా చివరి పది సంపుటాలు చదివేవారు, దిదెరో ఇక్కడ మెత్తబడ్డాడేమిటి అనుకునే ప్రమాదం ఉంది. పేజీ బొమ్మ ఎంత నిక్కచ్చిగా ఉన్నా, ఆ పేజీ నుంచి తీసేసినదాన్ని అది చూపించలేదు. అందుకే ఏడో సంపుటం దాటాక ఈ గ్రంథాన్ని చరిత్ర తోడు లేకుండా చదవకూడదని చెబుతున్నాను.

వ్యాఖ్యల విషయానికొస్తే, ఉన్నచోట అవి బంగారం. తత్త్వశాస్త్ర చరిత్ర వ్యాసాల్లో దిదెరో జర్మన్ పండితుడు బ్రూకర్ లాటిన్ గ్రంథం నుంచి ఎంత తీసుకున్నాడో, ఏది చేంబర్స్ ఆంగ్ల నిఘంటువు నుంచి వచ్చిందో పండితులు విప్పి చూపిస్తారు. అసలు ఈ పని 1745లో చేంబర్స్ గ్రంథానికి ఫ్రెంచ్ అనువాదంగానే తలపెట్టారు గనక ఈ లెక్క తేలడం అవసరం. అరువు తెచ్చినదాన్ని పక్కన పెట్టాక మిగిలే వాక్యాల్లోనే దిదెరో గొంతు ఉంటుంది. ఆ వాక్యాలు ఏవో చెప్పగలగడం ఈ పరిష్కరణ చేసిన పెద్ద మేలు. అయితే ఇది సాగుతున్న పని. వ్యాఖ్యలు చేరిన వ్యాసాలతో పోలిస్తే చేరనివి ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక వ్యాసం దగ్గర పూర్తి సమాచారం దొరికి, దాని పొరుగు వ్యాసం దగ్గర పాఠం తప్ప ఏమీ దొరక్కపోతే పాఠకుడు నిరుత్సాహపడతాడు.

ఇంతకంటే పెద్ద అడ్డంకి భాష. పాఠమే కాదు, పరిచయాలు, వ్యాఖ్యలు, వెతుకులాట పెట్టెలు అన్నీ ఫ్రెంచ్‌లోనే. పాఠంలో 18వ శతాబ్దపు వర్తనిని (స్పెల్లింగును) యథాతథంగా ఉంచారు. పండితులకు అది సరైన పద్ధతే గాని, నేటి ఫ్రెంచ్ కొద్దిగా నేర్చుకున్నవారికి మొదట్లో కాళ్ళకు అడ్డం పడుతుంది. ఫ్రెంచ్ రానివారు మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నడిపే ఆంగ్లానువాద సైట్‌లో వ్యాసాన్ని చదివి, దాని పేజీ బొమ్మ కోసం ఇక్కడికి రావచ్చు. అక్కడ అన్ని వ్యాసాలూ లేవు, కాని నేను పైన చెప్పుకున్నవాటిలో ముఖ్యమైనవి దొరుకుతాయి. తెరను రెండుగా చీల్చి చదవవలసిన సైట్ గనక పెద్ద తెర ఉంటేనే సుఖం; ఫోనులో చూసి ఒక అభిప్రాయానికి రావద్దు.

కొత్తవారిని చెయ్యి పట్టుకుని నడిపించే ఏర్పాటు చాలదన్నది నా ప్రధానమైన ఫిర్యాదు. సంపుటాల వరస, అక్షర క్రమం, శాస్త్ర విభాగాలు, రచయితల జాబితా ఉన్నాయి. వీటిలో దేనితో మొదలుపెట్టాలో తెలిసినవారికే అవి దారులు. దిదెరో జీవితంలోని ఒక్కొక్క దశకు సంబంధించిన వ్యాసాలను ఒక వరసలో పెట్టి, మధ్యలో జరిగిన సంగతులను క్లుప్తంగా చెబితే, ఇదే సామగ్రి పదిమందికి బదులు పదివేలమందికి చేరుతుంది. నాలాంటివారు జీవితచరిత్రను పక్కన పెట్టుకుని ఆ వరసను తామే కూర్చుకోవలసి వస్తోంది.

ఇక్కడ దొరకని దిదెరో ఎవరో కూడా చెప్పాలి. ప్రియురాలు సోఫీ వోలాంకు రాయగా 1759 నుంచి మనకు మిగిలిన ఉత్తరాల్లో మాట్లాడే మనిషి ఈ సైట్‌లో లేడు. కూతురు అంజెలీక్ కట్నం కోసం 1765లో తన పుస్తకాలన్నీ రష్యా రాణి కేథరీన్‌కు 15 వేల లీవ్రులకు అమ్మి, వాటిని తన దగ్గరే ఉంచుకుని ఏడాదికి వెయ్యి లీవ్రుల జీతంతో ఆమె గ్రంథాలయాధికారి అయిన దిదెరో లేడు. 1773లో, అరవయ్యో పడిలో, పీటర్స్‌బర్గ్ దాకా ప్రయాణం చేసి రాణితో ముఖాముఖి వాదించినవాడూ లేడు. 'రామో మేనల్లుడు' రాసి పెట్టెలో దాచుకున్న రచయిత అసలే లేడు. 1784 జులై 31న ఆయన పోయిన ఇరవై ఏళ్ళ తరవాత, 1805లో జర్మన్ కవి గోథే చేసిన అనువాదం ద్వారానే ఆ పుస్తకం మొదట లోకానికి తెలిసింది. తరవాతి రోజుల్లో దిదెరో తన విజ్ఞాన సర్వస్వం గురించి చేదుగానే మాట్లాడాడు. మంచీ చెడూ కలగలిపి గుంటలోకి విసిరిన సరుకు అన్నాడు. ఆ మాటను సైట్ ముందు కూర్చుని తూచి చూసుకోవచ్చు. గుంటలో వేసిన సరుకు ఉన్న మాట నిజమే, అక్షరం మారిన కొద్దీ కనబడుతుంది. మేజోళ్ళ మగ్గం, అగ్వాషీమా, రూసోను పిలిచిన పేజీ ఆ లెక్కలోకి రావు.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర మార్కు కొత్త పాఠకుడికి దారి చూపనందుకు. పూర్తి కాని వ్యాఖ్యలకు నేను ఏమీ తగ్గించలేదు: 25 ఏళ్ళు పట్టిన గ్రంథానికి పరిష్కరణ చేసేవారికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి.